రెబెక్కమ్మ ఇంటి నీళ్ళు

గిద్యోను చేతిలోని ప్లాస్టిక్ సీసా అడుగున నల్లటి మడ్డి పేరుకుంది. పొద్దున కొళాయి కింద పట్టినప్పుడు నీళ్ళన్నీ ఒకటే రంగు. బోగోలు మండలాఫీసు వరండాలో ఇంతసేపు కూర్చునేసరికి మడ్డి కిందికి దిగింది, పైన పచ్చటి నీళ్ళు తేలాయి. మూత గట్టిగా బిగించినా వాసన వేళ్ళకు అంటుకుంది.

పింఛను కోసం వచ్చి పక్కన కూర్చున్న ముసలాయన కొంచెం అవతలికి జరిగాడు.

"ఏంది నాయనా అది, రొయ్యల గుంటలోవా?"

"మేం తాగేవి" అన్నాడు గిద్యోను.

ముసలాయన మళ్ళీ ఆ సీసా వైపు చూశాడు.

గిద్యోను బేల్దారి మేస్త్రి. కావలిలో మేడ కడుతున్నారు, అక్కడ పని. ఈరోజు పోలేదు కాబట్టి తొమ్మిది వందల కూలి పోయింది. అతని ఊరు సవకలపాలెంలో నీళ్ళ గురించి మాట్లాడే నోళ్ళకు కొదవ లేదు. సందులో అందరూ మాట్లాడతారు. ఒక రోజు పని మానుకుని ఆఫీసుకు రమ్మంటే మాత్రం ఒక్కరూ కదలరు. కూలి పోతే ఇల్లు గడవదు. ఆ సంగతి గిద్యోనుకూ తెలుసు. తెలిసి కూడా వాళ్ళను క్షమించలేదు.

అసిస్టెంట్ ఇంజనీరు సుశీల్ కుమార్ భోజనం చేసి వచ్చి కుర్చీలో కూర్చున్నాక పిలుపొచ్చింది. నెల్లూరు టౌను మనిషి. టేబుల్ మీద చర్చి క్యాలెండరు, దాని పక్కన సీలు తియ్యని నీళ్ళ సీసా ఉన్నాయి.

"సార్, సవకలపాలెం నుంచి వచ్చినా. నీళ్ళ ట్యాంకరు నిన్నా రాలా, ఇయ్యాలా రాలా."

"రాదు. నేనే ఆపమన్నాను."

"ఎందుకని సార్?"

"రిపోర్టు వచ్చింది పెద్దాయనా. మీ నీళ్ళు బాగున్నాయి. నీళ్ళు బాగున్న చోటికి ట్యాంకరు పంపితే రేపు ఆడిట్లో నన్ను పట్టుకుంటారు."

గిద్యోను సీసా తీసి టేబుల్ మీద పెట్టాడు.

"ముందు అది తియ్యి. ఫైళ్ళున్నాయి ఇక్కడ."

"బాగున్నాయంటివే. మూత తీసి వాసన చూడు సార్."

"నువ్వు తెస్తే అది శాంపిల్ కాదయ్యా. ఏ కాలవలో ముంచుకొచ్చావో నాకేం తెలుసు. మా మనిషి పోయి తీస్తేనే శాంపిల్. మా మనిషి వచ్చింది, తీసింది, ల్యాబుకు పంపింది."

"ఎప్పుడొచ్చింది? మేం ఎవరం చూళ్ళా."

"మీరు పనికి పోయినప్పుడు వచ్చుంటుంది. గ్రామ సచివాలయంలో ఇంజనీరింగ్ అసిస్టెంటు, సుప్రియ అని. ఊరికే చెప్పడం కాదు, ఏ ఇంట్లో తీసిందో కూడా రాసి ఉంది. రెబెక్కమ్మ. మీ పాలెం ఆమేగా? మీ వాళ్ళ ఇంట్లోనే తీసిన నీళ్ళు బాగుంటే ఇంకేం కావాలి నీకు?"

రెబెక్కమ్మ అతని వదిన. చనిపోయిన భార్య ఏసుమణికి అక్క. గోడవతల ఇల్లు. రెండిళ్ళకూ కొళాయి ఒకటే.

"పైపు కాలవలో మునిగి ఉండాది సార్. రొయ్యల గుంటల నీళ్ళు, ఊళ్ళో మురుగు అంతా ఆ కాలవలోకే. పైపు అతుకు ఊడిపోయుండాది. మోటారు ఆపినాక ఆ మురుగంతా పైపులోకి పోతుంది. ఒక్కసారన్నా వచ్చి చూసినారా?"

"చూస్తాం. ఫండ్సు రానీ."

"నా మనవరాలికి కామెర్లు. ఇది రెండోసారి. నా ఇంటామె అట్టనే పోయింది."

"నీళ్ళ వల్లే పోయిందని డాక్టరు రాసిచ్చాడా?"

డాక్టరు జబ్బు పేరు రాశాడు. ఎక్కడి నుంచి వచ్చిందో రాయలేదు. అది ఎవరూ రాయరు.

సుశీల్ కుమార్ గొంతు కొంచెం మెత్తబడింది. "నేను కూడా ఇట్లాంటి పాలెం నుంచి వచ్చినవాణ్ణే పెద్దాయనా. మీ కష్టం తెలీదనుకోకు. రేపు మీ చర్చి ముందరే సభ పెడుతున్నాం. సర్పంచి గారు కూడా వస్తారు. కొళాయి పని బాగా జరిగిందని తీర్మానం చేసి సంతకాలు పెట్టండి. కాంట్రాక్టరు బిల్లు పాసవుతుంది. తర్వాత మీ పాలేనికి లైట్లో ఇంకోటో అడుగుదాం."

గిద్యోను చూపు సీలు తియ్యని సీసా మీద నిలిచింది. ఇంజనీరు అది గమనించి సీసాను ఫైళ్ళ వెనక్కి జరిపాడు.

"నీది నువ్వు తీసుకుపో" అన్నాడు.

*

రోడ్డు మీద ఆటో దిగి పాలేనికి నడుస్తుంటే రెండు పక్కలా రొయ్యల గుంటలే. ఒకప్పుడు ఆ నేలలో వరి పండేది. గుంటల గట్ల వెంట కాలవ, కాలవలో నల్ల పైపు. ఎండాకాలం కాబట్టి పైపు వీపు బయటికి కనిపిస్తోంది. అతుకు దగ్గర ఎవరో పాత సైకిల్ ట్యూబు చుట్టారు. చుట్టింది గవర్నమెంటు కాదు, పాలెం వాళ్ళే.

ట్యాంకరు ఆగేచోట బిందెలు వరసగా ఉన్నాయి. నిన్నటి నుంచి ఎవరూ తీయలేదు. తీస్తే వరస పోతుంది.

"వచ్చినాడమ్మా కలెక్టరు" అంది రోజా, బిందె మీద కూర్చుని. ఆమెకు గిద్యోను వరసకు బావ. "ఏమన్నారు బావా? ట్యాంకరు నీ వెనకే వస్తుండాదా?"

"రాదంట. మన నీళ్ళు బంగారమంట."

"ఎవురు చెప్పినారు?"

గిద్యోను ముందుకు నడిచాడు.

ఇంట్లో అతని కూతురు అబిగయీలు కొళాయి నీళ్ళు పొయ్యి మీద కాస్తోంది. కాస్తే పురుగు చస్తుందేమో గాని ఆ వాసన చావదు. మనవరాలు షారన్ మంచం మీద పడుకుని ఉంది. ఏడేళ్ళ పిల్ల. కళ్ళు పసుపు రాసినట్టున్నాయి.

"తాతా, ట్యాంకరు అంకుల్ సచ్చిపోయినాడా?"

"నోరు ముయ్యవే" అంది అబిగయీలు.

"మరి రాలా గదా."

"బతికే ఉండాడు" అన్నాడు గిద్యోను. "ఆ పొయ్యి ఆపు పాపా. ఇంకా పసిదానికి తాపేది అవేనా?"

"ఇంకేం తాపమంటావు నాయనా? మంచినీళ్ళ క్యాను ఇరవై రూపాయలు. ఈ పిల్లకొక్కదానికే రోజుకు ఒకటి కావాల, వంటకు ఇంకోటి. నువ్వేమో పని మానుకుని ఆఫీసుల ఎంట తిరగతుండావు."

ఆమె మాటలో తప్పు లేదు. అందుకే అతనికి ఎక్కువ కోపం వచ్చింది. ఆ కోపంతోనే పక్కింటికి వెళ్ళాడు.

రెబెక్కమ్మ గడపలో కూర్చుని ఎండు సవళ్ళు ఏరుతోంది. సంతలో ఎండుచేపలు అమ్ముకుని బతికే మనిషి. భర్త లేడు, పిల్లలు లేరు. ఆమె వెనక అరుగు మీద క్యాను, దాని మీద బోర్లించిన ఇత్తడి చెంబు. ఆ చెంబు వాళ్ళమ్మది. చింతపండుతో రోజూ తోముతుంది. ఆ క్యాను నీళ్ళు ఆమె తాగదు. ట్యాంకరు నీళ్ళు తాగుతుంది. క్యాను వచ్చేవాళ్ళ కోసం. పాస్టరు గారు వస్తారు, పోలియో చుక్కల వాళ్ళు వస్తారు, కరెంటు మీటరు చూసేవాడు వస్తాడు. అడగకముందే చెంబు వాళ్ళ ముందుకు వస్తుంది. సంపాదనంతా వచ్చేపోయేవాళ్ళ గొంతులోనే పోస్తుందని ఏసుమణి బతికున్నప్పుడు వేళాకోళం చేసేది.

"వదినా, సచివాలయం పిల్ల నీ ఇంటికొచ్చిందంటనే."

రెబెక్కమ్మ ముఖం విచ్చుకుంది. "వచ్చింది అబ్బయా, పోయిన నెల. చానా మంచి పాప. నన్ను అమ్మమ్మా అనింది."

"ఎప్పుడొచ్చింది?"

"మిట్టమధ్యాన్నం. తల మాడిపోతుండాది దానికి. ఎవరో బండి మీద దింపి పోయినారంట. కొళాయి తిప్పి చూసింది. ఆ యాళకి యాడొస్తుంది? మనకి తెల్లారి కాసేపు వస్తే వచ్చినట్టు. ఇంట్లో పట్టి పెట్టుకున్న నీళ్ళుంటే ఈ సీసాలో పొయ్యి అమ్మమ్మా, టెస్టుకు పంపాల అనింది."

"పోసినావా?"

"పోసినా."

"యే నీళ్ళు?"

రెబెక్కమ్మ చేతిలోని చేపను కుడివైపు కుప్పలో వేసింది. మళ్ళీ తీసి ఎడమవైపు వేసింది.

"వదినా, యే నీళ్ళు పోసినావు?"

"క్యాను నీళ్ళు."

గిద్యోను అక్కడే గోడకు ఆనుకుని నిలబడ్డాడు. ఆఫీసులో ఇంజనీరు మీద వచ్చిన కోపం, దారిలో కాలవను చూసి వచ్చిన కోపం, ఇంట్లో పొయ్యి దగ్గర వచ్చిన కోపం అన్నీ ఇప్పుడు ఈ మనిషి మీద దిగాయి.

"టెస్టుకని చెప్పిందన్నావు గదా."

"చెప్పింది."

"చెప్పినా పోసినావా?"

"సీసా మీద నా పేరు రాసింది అబ్బయా. నా కళ్ళ ముందరే కాగితం అంటించింది. రెబెక్కమ్మ, సవకలపాలెం అని చదివి వినిపించింది. నా పేరు పెట్టిన సీసాలో ఆ కంపు నీళ్ళు ఎట్ట పోసేది? ఆడ ఆఫీసులో పెద్దోళ్ళంతా మూత తీసి ముక్కు మూసుకుంటే? ఈళ్ళ ఇళ్ళు ఇంతే, ఈళ్ళ నీళ్ళు ఇంతే అనుకోరా?"

ఆమె ఎక్కడి నుంచి మాట్లాడుతోందో అతనికి తెలుసు. వాళ్ళమ్మ ఊరి బావి గట్టు కింద దోసిలి పట్టి నిలబడిన మనిషి. పైనుంచి ఎవరికన్నా జాలి కలిగితే తోడి పోసేవాళ్ళు. కలగకపోతే సాయంత్రం దాకా నిలబడటమే. ఈ చెంబు కొన్నాక ఆమె కూతుళ్ళకు ఒకటే చెప్పింది. మన గడపకు వచ్చి నీళ్ళడిగిన వాళ్ళకు లేవు అనకూడదు. ఎవరైనా సరే. ఉన్నవాటిలో మంచివి ఇవ్వాలి. ఇదంతా ఏసుమణి చెబుతూ ఉండేది. పాలెంలో ముసలివాళ్ళందరికీ అదే పట్టింపు. పక్క ఊరి పెద్దరైతు దాహమై పాలేనికి వచ్చి మొదటిసారి నీళ్ళు తాగిన రోజు గురించి వాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు.

"ఆ పాప ఈ అరుగు మీదే కూర్చుని చెంబుడు నీళ్ళు తాగింది" అంది రెబెక్కమ్మ. "చెంబు పైకెత్తి పోసుకోలా అబ్బయా. మూతి పెట్టి తాగింది."

"అయితే?"

"అయితే ఏముండాది. తాగింది అంటుండా."

"నీకు సిగ్గేసింది. అందుకని మా గొంతులో మురుగు పోయించినావు."

"నాకంత తెలీలా."

"నీ చెల్లెల్ని బొందలో పెట్టినప్పుడు యాడికి పోయింది నీ సిగ్గు?"

రెబెక్కమ్మ తల ఎత్తలేదు. చేపలు ఏరడం మానలేదు. ఆమె వేళ్ళు మాత్రం మంచి చేపలనూ చెడ్డ చేపలనూ ఒకే కుప్పలో వేస్తున్నాయి.

"రేపు సభలో లేచి నువ్వే చెప్పాల."

"అంతమందిలోనా?"

"అంతమందిలోనే. నువ్వు చెప్పకపోతే నీ పేరు పెట్టి నేను చెప్తా."

ఆ మాటలు అన్నందుకు గిద్యోను తర్వాత కూడా బాధపడలేదు. భార్య పోయినప్పటి నుంచి అతనికి బాధకు బదులు కోపమే వస్తోంది. కోపంగా ఉంటే అన్నం సహిస్తుంది, నిద్ర పడుతుంది, పొద్దున లేచి పనికి పోవచ్చు. బాధతో అవేవీ కుదరవు.

*

మర్నాడు చర్చి ముందర, రెబెక్కమ్మ ఇంటి గోడ పక్కనే, చిన్న షామియానా వేశారు. దాని కింద నాలుగు ప్లాస్టిక్ కుర్చీలు, ఒక టేబుల్ ఉన్నాయి. పాలెం వాళ్ళు ఎండలో సగం, నీడలో సగం కూర్చున్నారు. షారన్‌ను ఎత్తుకుని అబిగయీలు వెనక నిలబడింది. గాలి లేదు. సముద్రం అంత దగ్గర ఉన్నా ఆ రోజు దాని ఊపిరి పాలెం దాకా రాలేదు.

సర్పంచి రమణయ్య అందర్నీ పేరు పెట్టి పలకరించుకుంటూ వచ్చాడు. ఎవరి మీదా గొంతు పెంచడు. అదే అతని బలం.

"ఏం మేస్త్రీ, ఇయ్యాల గూడా పని ఎగ్గొట్టినావా? నీకు పంచాయతీనే కూలి ఇయ్యాల ఇంక."

కొందరు నవ్వారు. గిద్యోను నవ్వలేదు.

సుశీల్ కుమార్ వచ్చి మధ్య కుర్చీలో కూర్చున్నాడు. సంచిలోంచి సీసా తీసి ఒక గుక్క తాగి కాళ్ళ దగ్గర పెట్టుకున్నాడు. సుప్రియ చివరి కుర్చీలో ఒళ్ళో ఫైలు పెట్టుకుని కూర్చుంది. ఇరవై మూడో, ఇరవై నాలుగో ఉంటాయి. రెబెక్కమ్మను చూసి నవ్వింది. రెబెక్కమ్మ తల వంచుకుంది. చెంబు ఇంటి అరుగు మీదే ఉంది. వేరే రోజైతే ఇప్పటికి అది వచ్చినవాళ్ళ దాహం తీరుస్తూ నాలుగు చేతులు మారి ఉండేది. దాని సంగతి ఎవరూ ఎత్తలేదు.

ఇంజనీరు తీర్మానం చదివాడు. సవకలపాలెంలో కొళాయి పని పూర్తయినదని, సరఫరా అవుతున్న నీరు తాగుటకు యోగ్యమైనదని పరీక్షలో తేలినదని, గ్రామస్తులు సంతృప్తి వ్యక్తం చేసినారని.

"ఎవరు వ్యక్తం చేసినారు?" అని వెనక నుంచి రోజా అడిగింది.

"చేస్తారు, సంతకం పెట్టినాక" అన్నాడు రమణయ్య. మళ్ళీ నవ్వులు.

గిద్యోను లేచాడు. "సార్, ఆ రిపోర్టు మా కొళాయి నీళ్ళది గాదు."

"మరెవరిది?"

"మాది గాదు. అంతే. కొళాయి వచ్చే యాళకి మీరే వచ్చి మా ముందర పట్టండి. అప్పటిదాకా ట్యాంకరు పంపండి."

"ఊరికే కాదంటే ఎట్లా పెద్దాయనా? మీ పాలెం ఇంట్లో, మీ పాలెం మనిషి తన చేత్తో పోసిన నీళ్ళు. కాదని నిరూపించు."

గిద్యోను వదిన వైపు చూశాడు. ఆమె చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. అతను నోరు తెరిచాడు. అంతలో ఆమే లేచింది.

"నేను పోసింది క్యాను నీళ్ళు" అంది. గొంతు బయటికి రాలేదు. మళ్ళీ చెప్పింది. "సీసాలో నేను పోసింది కొనుక్కున్న నీళ్ళు సార్. కొళాయివి గావు. ఆ పాప తప్పేం లేదు. నేను చెప్పలా దానికి."

ఎవరో అయ్యో అన్నారు. ఒక ఆడమనిషి, "ఓ దేవుడా, ఈమె చేసిన పనా ఇది" అంది. రెబెక్కమ్మ కూర్చోలేదు. కూర్చోవడం మరిచిపోయినట్టు నిలబడిపోయింది.

సుప్రియ ముఖంలో రక్తం లేదు. రమణయ్య ముఖంలో మాత్రం ఏదో తేలికపడింది.

"అంటే గవర్నమెంటును మోసం చేసినట్టే గదా రెబెక్కమ్మా" అన్నాడు, కసురుకోకుండా.

"ఇది సీరియస్ విషయం" అన్నాడు సుశీల్ కుమార్. "సుప్రియా, రాయి. ఇంటి యజమానురాలు తప్పుడు శాంపిల్ ఇచ్చింది అని. ఆమె వేలిముద్ర తీసుకో. దాన్ని పైకి పంపి, వాళ్ళు ఒప్పుకుంటే మళ్ళీ టెస్టు పెట్టిస్తాం."

"ట్యాంకరో?" అన్నాడు గిద్యోను.

"కొత్త రిపోర్టు వచ్చేదాకా పాతదే చెల్లుతుంది."

"అయితే ఇంకో మాట రాయండి. కొళాయి రాని యాళకి వచ్చి శాంపిల్ తీసినారని రాయండి. కొళాయిలో పట్టాల్సింది ఇంట్లో అడుక్కున్నారని రాయండి."

"అది డిపార్ట్‌మెంటు చూసుకుంటుంది."

"సార్, నాకు మూడు ఊళ్ళు ఇచ్చినారు" అని సుప్రియ చిన్న గొంతుతో అంది. "బండి లేదు. తెల్లారేలోపల ఇక్కడికి ఎట్లా..."

"నువ్వు ఆగమ్మా" అన్నాడు ఇంజనీరు.

రమణయ్య చెయ్యెత్తి అందరినీ ఊరుకోమన్నాడు. "వినండి. పెద్దామె. తెలీక చేసింది. ఆమెను కేసుల పాలు చేస్తే మనకేం వస్తుంది? తీర్మానం మీద సంతకాలు పెట్టండి. ఆమె అన్న మాట మేం ఎవరం విన్లేదు, రాయలేదు. ఈ బిల్లు కానీండి, పైపు సంగతి నేను మాట్లాడతా. నా మాట నమ్మండి."

పాలెం వాళ్ళు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఇలాంటి మాటల దగ్గరే పాలెం ఎప్పుడూ లొంగుతుంది. బెదిరిస్తే మొండికేస్తుంది. ఒకరిని కాపాడతామంటే వంగుతుంది. ఆ సంగతి రమణయ్యకు బాగా తెలుసు. చర్చి పెద్ద జయకుమార్ మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేచాడు.

"పోనీ గిద్యోనా. ఒంటరి ఆడమనిషి. కోర్టుల ఎంట తిప్పుతామా?"

"సంతకం పెట్టుకో పో" అన్నాడు గిద్యోను. "నీ మనవడికి కామెర్లు వచ్చినప్పుడు ఈ షామియానా కిందికే తీసుకరా."

జయకుమార్ ఆ మాటకు ఆగలేదు. టేబుల్ దగ్గరికి పోయి పెన్ను తీసుకున్నాడు. అతని వెనక ఇంకో ఇద్దరు లేచారు. గిద్యోను కదల్లేదు. అతను చెప్పగలిగింది చెప్పేశాడు. మిగిలింది కూలి పోయిన రెండు రోజులు, వెనక తల్లి భుజం మీద పసుపు కళ్ళతో వాలిపోయిన పిల్ల.

షామియానా కింద గాలి ఉడుకుతోంది. సుప్రియ కొంగుతో మెడ తుడుచుకుంది. పొద్దున ఎప్పుడు ఇంటి నుంచి బయలుదేరిందో, పెదవులు పొడిబారి తెల్లగా ఉన్నాయి. ఇంజనీరు కాళ్ళ దగ్గరి సీసా వైపు చూసింది. అది అప్పటికే ఖాళీ అయింది. ఆ పిల్ల రెబెక్కమ్మ వైపు తిరిగింది. అలవాటైన ఇంట్లో అడిగినట్టు అడిగింది.

"అమ్మమ్మా, కాసిని నీళ్ళిస్తావా?"

రెబెక్కమ్మ వెంటనే ఇంటి వైపు తిరిగింది. రెండు అడుగులు వేసింది. ఆ మాట వింటే ఆమె కాళ్ళు ఆగవు. మూడో అడుగు పడలేదు. గోడ మీదుగా అరుగు, అరుగు మీద క్యాను, దాని మీద చెంబు కనిపిస్తున్నాయి. ఎండ పడి చెంబు మెరుస్తోంది. ఆమె దాన్నే చూస్తూ నిలబడింది.

వెనక్కి తిరిగింది.

"లేవు పాపా."

జయకుమార్ పెన్ను కాగితం మీద పెట్టి, తల మాత్రం ఆమె వైపు తిప్పాడు. ఆ గడప నుంచి ఆ మాట అతను ఎప్పుడూ వినలేదు. అక్కడ ఉన్నవాళ్ళెవరూ వినలేదు.

"అదిగో క్యాను కనిపిస్తానే ఉండాది గదా" అన్నాడు రమణయ్య. "డబ్బులు కావాలంటే నేనిస్తాలే." జేబులో చెయ్యి పెట్టాడు.

"అయి కొన్న నీళ్ళు సామీ. మా ఇంటియి గావు." రెబెక్కమ్మ గొంతు వణికింది. ఏడుపు కాదు అది, ఎత్తలేనిది ఎత్తుతున్న మనిషి గొంతు. "మా ఇంటియి ఆ కొళాయిలో ఉండాయి. అయి తాగి నా చెల్లెలు పోయింది. దాని మనవరాలు అదిగో, ఆడ పడుండాది. ఒకరి కన్నబిడ్డకు నేను ఆ నీళ్ళు పొయ్యను. మంచియి మాకాడ లేవు."

ఆమె సుప్రియ దగ్గరికి వచ్చింది. తాకేంత దగ్గరికి వచ్చి ఆగింది.

"నువ్వు ఇయ్యాల దప్పికతోనే పోవాల పాపా. నన్ను తిట్టుకో. మళ్ళా కొళాయి వచ్చే యాళకి రా. వచ్చి పట్టుకో. ముందు ఇది రాసుకో. సవకలపాలెంలో రెబెక్కమ్మ ఇంట్లో తాగేదానికి నీళ్ళు లేవు. నా పేరు పెట్టే రాసుకో. వేలిముద్ర దానికి ఏస్తా."

"సుప్రియా, అట్లాంటివి రాయకూడదు" అన్నాడు సుశీల్ కుమార్.

గిద్యోను వదిన ముఖం చూడలేదు. చూడాలని ఇంకా అనిపించలేదు. టేబుల్ దగ్గరికి నడిచాడు. జయకుమార్ చేతిలోంచి పెన్ను తీసుకున్నాడు. చర్చి పెద్ద వదిలేశాడు, కాగితం మీద అతని పేరులో మొదటి అక్షరం మాత్రం పడి ఉంది. వెనక లేచిన ఇద్దరూ నిలబడినచోటే ఉన్నారు, కూర్చోనూ లేదు, ముందుకు రానూ లేదు.

గిద్యోను ఆ పెన్ను తెచ్చి సుప్రియ ఒళ్ళోని ఫైలు మీద పెట్టాడు.

"రాయి" అన్నాడు.

ఆ పిల్ల ఇంజనీరు వైపు చూసింది. రమణయ్య వైపు చూసింది. గోడ అవతల అరుగు మీద బోర్లించి ఉన్న చెంబు వైపు కూడా చూసింది. ఎండిన పెదవులు నాలుకతో తడుపుకుంది. పెన్ను తీసుకుని తెల్లకాగితం మీద ఆనించింది. ఇంకా ఏమీ రాయలేదు.